లంచమునకు శాసనము లేదు: గుంటూరు విచారణము మొదలు ప్లీడరు నాటకము వఱకు (1845–1880)

దానమునకు శాసనము గలదు, లంచమునకు లేదు. రాజు భూమి నిచ్చినచో రాగిరేకులపైఁ జెక్కించెను. వర్తకుఁడు దేవునికి అఖండదీపము నిచ్చినచో గుడి స్తంభముపై వ్రాయించెను. ఇచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, తిథివారములు, పొలిమేరలు, సాక్షులు సర్వము నందుఁ గానవచ్చును. ద్రాక్షారామ భీమేశ్వరాలయమున నిట్టి శాసనములు వందలకొలఁదిగాఁ గలవు. లంచ మిచ్చువాఁడును బుచ్చుకొనువాఁడును మాత్రము వ్రాత నొల్లరు. వారికి రసీదు లేదు, సాక్షి లేఁడు, తేదీ లేదు. అందుచేత ధర్మమునకుఁ గల చరిత్ర యధర్మమునకు లేకపోయెను. గుట్టుగా నడచిన కుట్రను చరిత్రకారుఁడే యాధారమున నెఱుఁగవలెను? ఈ వ్యాసమున విచారింపఁ దలఁచిన ప్రశ్న యిది.

ప్రశ్న క్రొత్తది గాదు. రాజద్రవ్యము నపహరించు తెఱఁగులు నలువదియని కౌటిల్యుఁ డర్థశాస్త్రమున లెక్కించియున్నాఁడు. మృచ్ఛకటికమునందలి తొమ్మిదవ యంకమున రాజుగారి బావమఱిఁది శకారుఁడు న్యాయాధికారులను బెదరించి, నిర్దోషియైన చారుదత్తునిపై హత్యానేరమును మోపుట పండితు లెల్లరు నెఱిఁగినదే. కాని యిందు మొదటిది లక్షణము, రెండవది కల్పన. ఫలాని యూర ఫలాని యేఁట నిట్లు జరిగెనని చెప్పు లక్ష్యము వానియందు దొరకదు. కృష్ణా గోదావరీ మండలములయందు 19వ శతాబ్దిలో నట్టి లక్ష్యములు దొరకుచున్నవి. ముప్పదియైదేండ్ల వ్యవధిలో ముగ్గురు, ఒకఁడు ప్రభుత్వోద్యోగి, ఒకఁడు వర్తకుఁడు, ఒకఁడు బడిపంతులు, తమతమ సాధనములతో నిట్టి గుట్టులను బయలుపఱిచిరి. ఒక్కొక్క పర్యాయము నా రహస్యము దానివలన నష్టపడిన ప్రజకు మఱింత చేరువయయ్యెను. మూఁడవ పర్యాయ మది తెలుఁగున రంగస్థలము నెక్కెను. మన యాధునిక నాటకము తొలినాళ్లలోనే కచ్చేరీ గడపఁ ద్రొక్కుటకుఁ గారణ మిదియే యని నా యభిప్రాయము.

మొదటిది గుంటూరు వృత్తాంతము. 1832–33లో, నందన సంవత్సరమున, ఆ మండలము ఘోరక్షామమునకు లోనయ్యెను. ప్రజలు దానిని డొక్కల కఱవనిరి. అనేకులు మృతిఁ జెందిరి, బ్రదికినవారిలోఁ బలువురు వలసపోయిరి, పొలములు బీడువడెను. వాసిరెడ్డివారిది మొదలుగాఁ గల పెద్ద జమీందారీలు బాకీలలో మునిఁగి సర్కారు నిర్వహణము క్రిందికి వచ్చెను. కఱవు గడచిన పిమ్మటఁ గూడ రావలసిన శిస్తు పూర్తిగా వసూలు గాలేదు. పొలమునఁ బంట పండినను లెక్కలలోఁ గఱవు కొనసాగుచునే యుండెను.

కారణము విచారించుటకై చెన్నపట్టణపు ప్రభుత్వమువారు 1845లో వాల్టరు ఎలియటు దొరను గుంటూరునకుఁ బంపిరి. అతఁడు కనుఁగొన్నది యొక్కని దొంగతనము గాదు. హుజూరు కచ్చేరీలోని శిరస్తాదారు మొదలు గ్రామకరణము వఱకు వ్యాపించిన కట్టుబాటు. పంటను దక్కువగాఁ జూపినందులకు రైతులలోఁ బెద్దలు కరణమునకు ముట్టఁజెప్పుదురు. ఆ లెక్కను సరియని యొప్పుకొన్నందులకుఁ గరణము పై యుద్యోగికి ముట్టఁజెప్పును. అతఁడు హుజూరులోనివారికి ముట్టఁజెప్పును. శిస్తులో రెమిషను కావలెనను నర్జీ యిన్ని చేతులు దాఁటి కలెక్టరు దొర బల్లమీఁదికి వచ్చునప్పటికి, దాని వెనుక లెక్కలన్నియు నొకదానితో నొకటి చక్కఁగా సరిపోయి యుండును. ప్రతి కాగితమును దానికి ముందున్న కాగితము సమర్థించును. దేశభాషను, లెక్కల పద్ధతిని నెఱుఁగని దొర సంతకము చేయక యేమి చేయఁగలఁడు? కచ్చేరీలోని పదవులు కొన్ని కుటుంబములవారి చేతులలోనే తిరుగుచుండుటచే నొకని గుట్టు నింకొకఁడు బయటఁబెట్టునను భయమును లేకపోయెను. 1846లో నెలియటు సమర్పించిన నివేదికలో నీ కట్టుబాటు స్వరూపము వెల్లడియయ్యెను. ఈ వృత్తాంతమును రాబర్టు ఫ్రైకెన్‌బర్గు 1965లోఁ బ్రకటించిన గుంటూరు మండల చరిత్రమున విపులముగాఁ బరిశీలించెను.

ఇచటఁ జరిత్రపరిశోధకులకు వింతగొల్పు విషయ మొకటి కలదు. గుంటూరు లెక్కలను ద్రవ్విన 1845లోనే యెలియటు దొర యమరావతి స్తూపమును గూడఁ ద్రవ్వించెను. ఆ పాలఱాతి శిల్పములు చెన్నపట్టణమునకును, తరువాత లండనునందలి బ్రిటిషు మ్యూజియమునకును జేరెను. దక్షిణదేశపు నాణెములఁగూర్చి గ్రంథము వ్రాసినవాఁడు నతఁడే. మంటిక్రిందనున్న శిల్పమును వెలికిఁ దీయుటకును, దొంగలెక్కల క్రిందనున్న నిజమును వెలికిఁ దీయుటకును గావలసిన యోర్పు, అనుమానము, పోలికలఁ బట్టుశక్తి యొక్కటియే కదా! కాని యీ రెండు త్రవ్వకములకు నొక్కటే కొఱఁత యేర్పడెను. శిల్పములు సముద్రము దాఁటెను; నివేదిక యింగ్లీషున వ్రాయఁబడి ప్రభుత్వపుఁ గాగితముల కట్టలలోఁ జేరెను. ఎవరి శిస్తు, ఎవరి కడుపు, ఎవరి నోరు దానికి సంబంధించెనో యా రైతు దానిని జదువలేదు.

రెండవ వృత్తాంతమునకు నాయకుఁడు చెన్నపట్టణమునఁ గాపురమున్న తెలుఁగు వర్తకుఁడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868). అతఁడు 1844లో క్రెసెంటను నింగ్లీషు పత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు నేటివు అసోసియేషను నెలకొల్పి పార్లమెంటునకు మహజరులఁ బంపెను. శిస్తు వసూలు చేయుటకై తాలూకా యుద్యోగులు రైతులను హింసించుచున్నారని, అందులో సర్కారు సొమ్మెంతయో తమ సొమ్మెంతయో తెలియరాని రీతిగాఁ బిండుచున్నారని యతని ఫిర్యాదు. 1853లో డాన్బీ సేమరను పార్లమెంటు సభ్యుఁడు చెన్నపట్టణమునకు రాఁగా, లక్ష్మీనరసు శెట్టి యతని వెంటఁబెట్టుకొని పల్లెలు త్రిప్పి, బాధపడినవారిని గన్నులారఁ జూపించెను. మఱుసటి యేఁడు పార్లమెంటులోఁ జర్చ జరిగెను, విచారణసంఘ మేర్పడెను, 1855లో నివేదిక వెలువడెను.

ఆ నివేదికలోని సంగతులు చదువుటకు మనస్సొప్పదు. వ్రేళ్లను గొయ్యల నడుమఁ బెట్టి నొక్కుట, మెడను గాళ్లను వంచి కట్టి యెండలో నిలుపుట మొదలగునవి వాడుకలో నున్నట్లు సంఘమువా రంగీకరించిరి. దూరము, భాష, ఉద్యోగుల పరస్పరసాహాయ్యము అనువానివలన ఫిర్యాదు చేయఁబోవువానికి న్యాయము దొరకుట దుర్లభమనియు వారు గ్రహించిరి. అయినను దొరలను నిర్దోషులుగా నెంచి, దోషమంతయు క్రింది యుద్యోగులపై మోపిరి. క్రిందివాని లెక్కపై సంతకము చేసి జీతము పుచ్చుకొన్నవాని బాధ్యత యెంతయను ప్రశ్నకు నచ్చట సమాధానము లేదు. ఏమైనను, ఈ పర్యాయము రహస్యమును బయటఁబెట్టినవాఁ డధికారి గాఁడు, ప్రజలలోనివాఁడు. అదియొక ముందడుగు. కాని యతని పత్రిక యింగ్లీషుపత్రిక. అతఁడు న్యాయము కోరినది లండనునందు.

పిమ్మటఁ జట్టములు మాఱెను. 1859 నాఁటి చట్టముచేఁ జెన్నపట్టణపు రాజధానిలోఁ బోలీసుశాఖ రెవిన్యూశాఖనుండి వేఱుపడెను. 1860లో శాసనమై 1862లో నమలునకు వచ్చిన శిక్షాస్మృతి 161వ సెక్షనున లంచము పుచ్చుకొనిన ప్రభుత్వోద్యోగికి శిక్ష విధించెను. అయినను లంచము తగ్గలేదు. ఏలయన, ఇచ్చినవాఁడును నేరమునకుఁ దోడుపడినవాఁడే యగుటచేఁ జట్టము వానిని గూడఁ బట్టును. నోరు విప్పినచో దానును జిక్కును. విప్పనిచో నిచ్చిన సొమ్ము మాత్రము పోవును. వాఁడు రెండవదానినే కోరుకొనెను. ఇట్లు చట్టమే యొకవిధముగాఁ గుట్రకుఁ దాళము వేసెను.

గోదావరీ మండలమున నీ తాళమునకుఁ బనియు నధికమయ్యెను. 1844లో హెన్రీ మాంట్‌గామరీ రాజమహేంద్రవర మండలపు దుస్థితినిగూర్చి నివేదించెను. 1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను ధవళేశ్వరమున నానకట్ట కట్టించెను. నీరు పాఱిన భూమికి విలువ హెచ్చెను. విలువ హెచ్చిన భూమికి గట్టు తగవు, కాలువ తగవు, దాయభాగపు తగవు తోడయ్యెను. తగవులతో మున్సిఫు కోర్టులకుఁ బని పెరిగెను. కోర్టు చుట్టును వకీలు, వకీలు గుమస్తా, అమీను, బంట్రోతు, కూలిసాక్షి యని యొక చిన్న ప్రపంచ మేర్పడెను. గుంటూరులోఁ గరణము మొదలు శిరస్తాదారు వఱకు నల్లుకొన్న కట్టుబాటే యిచటఁ గూలిసాక్షి మొదలు తీర్పు వఱకు నల్లుకొనెను.

ఈ ప్రపంచమును దగ్గఱనుండి చూచినవాఁడు కందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919). రాజమహేంద్రవరమునఁ బుట్టి పెరిగిన యతఁడు యౌవనమున న్యాయవాదవృత్తి నవలంబింపఁ దలఁచి, అందసత్యమాడుట తప్పదని యెంచి మానుకొనెను. కచ్చేరీ కొలువునందు లంచము తప్పదని దానిని గూడ విడిచెను. మిగిలినది బడి. కోరంగిలోను, ధవళేశ్వరములోను, పిదప రాజమహేంద్రవరములోను నతఁ డుపాధ్యాయుఁడుగా నుండెను. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము వంటి కఠినబంధములు గల కావ్యము రచించిన పండితుఁడీతఁడు. పెదవులు తగులని యక్షరములతోఁ గావ్యము నల్లిన యా చేయియే 1874 అక్టోబరులో వివేకవర్ధని యను పత్రికను వెలువరించి, సామాన్యుల కర్థమగు వచనమునఁ గచ్చేరీ గుట్టులను వ్రాయసాగెను. తొలుత మాసపత్రికయైన వివేకవర్ధని క్రమముగాఁ బక్షపత్రికయు వారపత్రికయు నయ్యెను. పట్టణమున సొంత ముద్రాలయమును నేర్పడెను.

వివేకవర్ధని సంఘదురాచారములను మాత్రమే ఖండించెనని పలువురు తలఁతురు. అది సగము నిజము. ఉద్యోగుల లంచములు, వకీళ్ల మోసములు నా పత్రికకు నిత్యవిషయములు. ఒక వకీలు మధ్యవర్తియై కక్షిదారులకును న్యాయాధికారికిని నడుమ దీర్పుల బేరము నడుపుచున్నాఁడని యా పత్రిక వెల్లడించుట పట్టణమున నెంతటి కలఁతకుఁ గారణమైయుండునో యూహింపవచ్చును. మునుపటి రెండు వృత్తాంతములకును దీనికిని గల భేదము గమనింపఁదగినది. ఇది తెలుఁగున వ్రాయఁబడెను. లంచ మిచ్చినవాఁడు, పుచ్చుకొన్నవాఁడు, ఈయలేక వ్యాజ్యె మోడినవాఁడు మువ్వురును దానిని జదువఁగలరు. చదువురానివాఁడు వీధి యరుగుమీఁదఁ గూర్చుండి వినఁగలఁడు.

అయినను బత్రిక కొక హద్దు గలదు. పేరు వ్రాసినచో ఋజువు చూపవలెను. చూపలేనిచోఁ బరువునష్టపు నేరము వ్రాసినవాని మెడకుఁ జుట్టుకొనును. పేరు వ్రాయనిచో నది పుకారు. ఋజువు కావలెనన్న నిచ్చినవాఁడు సాక్ష్యము చెప్పవలెను. వాఁడు చెప్పఁడని ముందే యంటిమి. ఈ యిఱుకునుండి బయటఁబడుటకు వీరేశలింగము పంతులు కనుఁగొన్న దారి ప్రహసనము. నాటకమున నొకని పేరు చెప్పఁబనిలేదు. వాడుకను జూపినఁ జాలును. ఇది యా మహాశయుఁడు చెప్పిన కారణము గాదు. కాలక్రమమును బట్టి నేను జేయుచున్న యూహ. వ్యవహార ధర్మబోధిని యను పేరిట వెలసి, ప్లీడరు నాటకమని ప్రసిద్ధిఁ గాంచిన యా రచన 1880లో రాజమహేంద్రవరమున విద్యార్థులచేఁ బ్రదర్శింపఁబడెను. ఆధునిక తెలుఁగు నాటకప్రదర్శనములలో మొదటిదానిగాఁ బలువురు దానిని బేర్కొందురు.

ఆలోచింపుఁడు. మన రంగస్థలమున కా తొలిదినములలోఁ బౌరాణిక వీరుఁడు గాక వకీలును, గుమస్తాయు, కక్షిదారుఁడును వచ్చిరి. వారు పద్యములు పాడలేదు. వీథిలో జనులు మాటలాడు భాషలోనే మాటలాడిరి. లంచపు బేరము గ్రాంథికమున నడువదు కదా! బేరము నడచిన భాషలోనే దానిని జూపినఁ గాని గుట్టు గుట్టుగాఁ దెలియదు. వ్యావహారికభాషావాదులు తరువాతి కాలమున నీ ప్రహసనములను దమ పక్షమునకుఁ బ్రమాణముగాఁ జూపిరి. కాని భాషావాదము కొఱకు నతఁడా భాష వ్రాయలేదు. విషయ మా భాషను గోరినది.

ఈ సందర్భమునఁ జీనాదేశపు నాటకములతోఁ బోల్చుట యుపయుక్తము. బావో జెంగు (999–1062) అను న్యాయాధికారి నాయకుఁడుగా నచట ననేక నాటకములు పుట్టెను. యుఆన్ వంశపు (1271–1368) నాటకములలో నొకదానియందుఁ జెన్‌జౌ ప్రాంతమునఁ గఱవు వచ్చును. ప్రజలకు బియ్య మమ్ముటకై పంపఁబడిన యుద్యోగులు ధర నినుమడి చేసి, దొంగకొలతలతోఁ గొలిచి, తాలును గలిపి యమ్ముదురు. అడిగిన ముదుసలిని జంపుదురు. బావో మాఱువేషమున వచ్చి నిజమెఱిఁగి దోషులను దండించును. డొక్కల కఱవును, గుంటూరు లెక్కలను దలఁచుకొన్న మనకా కథ పరదేశపుఁ గథగాఁ దోఁపదు.

కాని భేద మొకటి కలదు. చీనా నాటకమున న్యాయము పైనుండి వచ్చును. రాజధానినుండి నిర్మలుఁడైన యధికారి వచ్చువఱకుఁ బ్రజ వేచియుండును. అతఁడు వచ్చినపుడు కథ ముగియును. మన గుంటూరు వృత్తాంత మట్టిది. ఎలియటు దొర మన బావో. ప్లీడరు నాటకమునకు నట్టి రక్షకుఁడు లేఁడు. అచట విచారణ చేయువారు, తీర్పు చెప్పువారు పాకలోఁ గూర్చుండిన ప్రేక్షకులే. వారిలోఁ గక్షిదారులుందురు, గుమస్తాలుందురు, వకీళ్లు నుందురు. ప్రక్కవాఁడు నవ్వినపుడు తానును నవ్వవలసి వచ్చిన వకీలు, తన యొక్కని గుట్టనుకొన్నది యూరందఱకుఁ దెలిసియే యున్నదని యప్పుడు గ్రహించును. కుట్రకు బలము దాని రహస్యముకంటె, ఇతరులకుఁ దెలియదను నమ్మకమునం దెక్కువ గలదు. ఆ నమ్మకము నవ్వుతో విఱుగును.

ఇచట విమర్శకులు రెండాక్షేపములు చేయవచ్చును. ప్రహసనము కల్పన యగుటచేఁ జరిత్రకు నాధారము గాదనుట మొదటిది. నిజమే, ప్రహసనము దోషమును బెంచి చూపును, మంచివానిని విడిచి చెడ్డవానినే యెన్నుకొనును. రాజమహేంద్రవరపు వకీళ్లందఱు నట్టివారని దానిని బట్టి తీర్మానించుట యన్యాయము. కాని ప్రహసన మొక విషయమున నబద్ధ మాడలేదు. చూచువానికిఁ దెలియని దోషమును జూపినచో నవ్వు రాదు. ఏ వాడుకను జూచి జనులు నవ్విరో యా వాడుక వారికి సుపరిచితమై యుండెననుట నిశ్చయము. వ్యక్తి నేరమునకుఁ బ్రహసనము సాక్ష్యము గాదు. కాలపు వాడుకకు సాక్ష్యము. కోర్టు కాగితములు మొదటిదానికి నాధారము. రెండవదానికి నవి మూగవి. ఈ రెంటిని గలిపి చదువవలెను.

ఇట్టి రచన కళాదృష్టితోఁ జూడఁగా నంత గొప్పది గాదనుట రెండవ యాక్షేపము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో సంస్కరింపఁబడెను. వకీలును, కోర్టు వ్యవహారమును, అబద్ధపు సాక్ష్యమును నందుఁ బొందిన పరిపక్వతతోఁ బోల్చినచోఁ బ్లీడరు నాటకము పలుచనిదే. అయినను పంటకాలువను బొగడువాఁడు తలదూమును మఱువరాదు. కచ్చేరీని రంగస్థలము నెక్కింపవచ్చునని, వాడుకమాట నాటకమున నిలుచునని రాజమహేంద్రవరమున నొక బడిపంతులు విద్యార్థులతోఁ జేసి చూపెను.

ఆయన జీవితపుఁ జివరి యేఁడైన 1919లో రాజమహేంద్రవరముననే వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజ మేర్పడి, యాయన నధ్యక్షునిగా నెన్నుకొనెను. గ్రాంథికమున నంతటి కృషి చేసిన పండితుఁ డా పీఠ మధిష్ఠించుట పలువురకు వింతయయ్యెను. ప్లీడరు నాటకమును మఱువనివారి కందు వింత లేదు. ఆయన జన్మదినమైన ఏప్రిలు 16వ తేదీని నేఁడు తెలుఁగు నాటకరంగ దినోత్సవముగా జరుపుచున్నారు. ఆ దినమున దీపము వెలిగించువారు, తమ రంగస్థలపు తొలి పాత్రలలో నొకటి లంచపు బేరమాడు వకీలని తలఁచుకొనుట యుచితము.

పరిశోధకులకు నొక్క మనవి. శాసనములను, కైఫీయతులను, కవిలెకట్టలను మన మాదరముతోఁ జదువుచున్నాము, చదువవలసినదే. వానిలో రాజుల దానములు దొరకును. రైతు చెల్లించిన రెండవ శిస్తు, కక్షిదారుఁడు చెల్లించిన రెండవ ఫీజు వానిలో దొరకవు. పాత పత్రికల సంపుటములు, ప్రహసనములు చెదపట్టక మునుపే కూర్చి, యేఁడువారిగాఁ బరిష్కరించి, సమకాలపుఁ గోర్టు కాగితములతో సరిచూచినచో నా రెండవ లెక్క కొంతవఱకుఁ దేలును. లంచమునకు శాసనము లేకపోయినను, ఆ శాసనములేని చరిత్రను జదువుటకు మార్గము గలదు.